నెలసరి తప్పుతున్నదా? పసరు మందుకు ముందు ఆలుమగలు చదవవలసిన పాఠం



పెండ్లయి రెండేండ్లు దాటినా కడుపు పండకపోతే మన ఊళ్ళలో మొదట వినబడే మాట ఒకటున్నది. "ఫలానా ఊళ్ళో పసరు పోస్తారట, పోయి రండి" అని. ఇల్లాలికి నెలనెలా ముట్టు రాకపోతే ఇగ చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగు తలా ఒక ఆకు పేరు చెబుతారు. వేములవాడ రాజన్నకు కోడె కట్టి మొక్కు చెల్లించుకునేవారిలో సంతానం కోరి వచ్చే జంటలు ఎందరో ఉంటారు. మొక్కు మీ విశ్వాసం, దానితో ఆరోగ్యానికి తగవు లేదు. పసరు సంగతి వేరు. అది కడుపులోకి పోయే వస్తువు. మేలు చేసే బలం ఉన్న ఆకుకు కీడు చేసే బలం కూడా ఉంటుంది.

కనుక ఆకు మందు మంచిదా, చెడ్డదా అని వాదులాడుకోవడం కంటే ఇంకొక మాట ముఖ్యం. ఏ జబ్బుకు, ఏ ఆకు, ఎంత కొలత, ఏ పరీక్ష తరువాత? ఈ నాలుగింటికి జవాబు దొరికితేనే మందు. దొరకకపోతే అది గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టే.

నెలసరి ఎట్లా వస్తుంది?

స్త్రీ కడుపులో గర్భసంచికి ఇరుపక్కల రెండు అండాశయాలు ఉంటాయి. ప్రతి నెలా వాటిలో కొన్ని అండాలు చిన్న చిన్న తిత్తులలో పెరగడం మొదలుపెడతాయి. సాధారణంగా వాటిలో ఒక్కటే పూర్తిగా పండి బయటకు విడుదల అవుతుంది. ఆ సమయానికి గర్భసంచి లోపలి పొర మెత్తగా పరుపు పరచినట్టు సిద్ధంగా ఉంటుంది. అండం పురుషుని వీర్యకణంతో కలిస్తే గర్భం. కలవకపోతే సుమారు 14 రోజులకు ఆ పొర రాలి ముట్టుగా బయటకు వస్తుంది.

ముట్టు మొదలైన రోజు నుంచి మళ్ళీ మొదలయ్యే రోజు వరకు 21 నుంచి 35 రోజులు పడితే సరైనదే. 35 రోజులు దాటి దాటి వస్తున్నా, ఏడాదిలో 8 సార్ల కంటే తక్కువ వస్తున్నా అండం సరిగా పండడం లేదని అనుమానించాలి.

"నీటి బుడగలు" అంటే ఏమిటి?

"గర్భసంచిలో నీటి బుడగలున్నయట" అని చాలామంది అంటుంటారు. డాక్టర్లు దీనినే పి.సి.ఓ.డి. అని, పి.సి.ఓ.ఎస్. అని అంటారు. ఈ పేర్లు విని భయపడవద్దు. మొదటి సంగతి, అవి గర్భసంచిలో ఉండవు, అండాశయాలలో ఉంటాయి. రెండవ సంగతి, అవి గడ్డలు కావు. పండకుండా సగంలో ఆగిపోయిన అండపు తిత్తులే స్కానింగులో బుడగలవలె కనిపిస్తాయి. వాటిని కోసి తీయవలసిన పని సాధారణంగా ఉండదు.

అమెరికాలోని చికాగో నగరంలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు 1935లో ఏడుగురు స్త్రీలను పరీక్షించి ఈ జబ్బును వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు కనే వయసున్న స్త్రీలలో నూటికి సుమారు 10 నుంచి 13 మందికి ఇది ఉంటుంది. అంటే మీ వాడకట్టులో ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు.

కారణం ఏమిటి? మన ఒంట్లో చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ అనే రసం ఉంటుంది. ఈ జబ్బున్న చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాటను సరిగా వినదు. అందువల్ల ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలను రెచ్చగొట్టి, మగవారిలో ఎక్కువగా ఉండే హార్మోనును అధికంగా పుట్టిస్తుంది. దానితో అండం పండడం ఆగుతుంది, ముట్టు తప్పుతుంది, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తాయి. ఇందులో వంశపు పాలు కూడా ఉన్నది. తల్లికో అక్కకో ఉంటే మీకూ రావచ్చు. ఇది ఎవరి శాపం కాదు, ఎవరి తప్పు కాదు.

ఈ గుర్తులు చూసుకోండి:

– ముట్టు రెండు మూడు నెలలకొకసారి రావడం, లేదా వచ్చినప్పుడు చాలా రోజులు ఎక్కువగా పోవడం
– పైపెదవి మీద, గడ్డం మీద, పొట్ట మీద ముదురు వెంట్రుకలు
– పెండ్లయిన తరువాత కూడా తగ్గని మొటిమలు, నడినెత్తి మీద జుట్టు పలచబడడం
– నడుము చుట్టూ బరువు పెరగడం, మెడ వెనుక చర్మం నల్లగా మందంగా మారడం

అన్నీ ఒక్కరిలోనే ఉండాలని లేదు. సన్నగా ఉన్నవారికి కూడా ఈ జబ్బు రావచ్చు. ఈడేరిన ఆడపిల్లలకు మొదటి రెండు మూడేండ్లు ముట్టు అటూ ఇటూ కావడం మాత్రం మామూలే.

గొడ్రాలు అనే ముందు ఒక లెక్క

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ వైపు ఎందరో మగవారు బతుకుదెరువుకు గల్ఫ్ దేశాలకు పోతారు. అటువంటి ఒక ఇంటి లెక్క చూద్దాం. పెండ్లయి మూడేండ్లు అయింది అనుకోండి. పెండ్లి తరువాత భర్త రెండు నెలలు ఉండి దుబాయి పోయాడు. మళ్ళీ రెండు నెలల సెలవు మీద వచ్చాడు. ఊరి లెక్కలో 36 నెలలు. ఆలుమగలు కలిసి ఉన్నది మాత్రం 4 నెలలే.

ఆ ఇల్లాలికి రెండు నెలలకొకసారి అండం పండుతుందనుకుంటే, ఆ 4 నెలలలో గర్భం రావడానికి దొరికినవి రెండే రెండు అవకాశాలు. ఏ లోపమూ లేని పడుచు జంటకు కూడా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం నాలుగైదింట ఒక వంతు మాత్రమే. మరి రెండు అవకాశాలకే ఆమెను గొడ్రాలని అనడం, కొడుక్కు రెండో పెండ్లి మాట ఎత్తడం న్యాయమేనా? అత్తమామలకు ఈ లెక్క మీరే వివరించి చెప్పండి.

అన్నలారా, ఇంకొక మాట. పిల్లలు కలగని జంటలలో దాదాపు సగం ఇండ్లలో లోపం పూర్తిగానో కొంతో మగవాని వైపు కూడా ఉంటుంది. వీర్య పరీక్ష సులువైనది, నొప్పి లేనిది. దానికి ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉంటే చాలు. భార్యకు ఏడాదిపాటు పసర్లు పోయించి, ఆ తరువాత తన పరీక్షకు పోయే భర్త ఏడాది కాలాన్ని పోగొట్టుకున్నట్టే. సెలవు మీద వచ్చిన మొదటి వారంలోనే ఇద్దరూ కలిసి దవాఖానకు పోండి.

మూలికలలో నిజమెంత?

మూలికలంటే తేలిక చూపు పనికిరాదు. ఈ జబ్బుకు డాక్టర్లు చాలామందికి రాసే మెట్‌ఫార్మిన్ అనే మాత్ర పుట్టుకే ఒక మొక్కతో ముడిపడి ఉన్నది. ఐరోపాలో గలేగా అనే పూల మొక్కను పూర్వం నుంచి నాటు మందుగా వాడేవారు. అందులోని పదార్థానికి చక్కెరను తగ్గించే గుణం ఉన్నదని తెలిసింది. అయితే ఆ పచ్చి మొక్క మేసిన పశువులకు విషమయ్యేది. పరిశోధకులు దాని ఆధారంగా హాని తక్కువగా ఉండే మందును తయారుచేశారు. ఫ్రాన్సు వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని చక్కెర రోగులకు ఇచ్చి 1957లో ఫలితాలు ప్రకటించాడు. మొక్క విషమైంది, కొలత తెలిసిన మందు మేలు చేసింది. మన పసరు సంగతి కూడా ఇంతే.

ఇప్పుడు మన వంటింట్లో, పెరట్లో ఉన్నవాటిని చూద్దాం.

పుదీనా: 2010లో ఇంగ్లండులో ఈ జబ్బున్న 42 మంది స్త్రీలతో ఒక పరీక్ష చేశారు. పుదీనా కషాయాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున 30 రోజులు తాగినవారి రక్తంలో మగ హార్మోను తగ్గింది. అయితే ఆ నెల రోజులలో వెంట్రుకలు తగ్గినట్టు వైద్యుల కొలతలో కనిపించలేదు. కాబట్టి పుదీనా తోడు మాత్రమే, పూర్తి మందు కాదు. నెల తప్పితే కషాయం ఆపి, నర్సమ్మను అడగండి. కూరలో, పచ్చడిలో వేసుకునే పుదీనాకు అడ్డు లేదు.

దాల్చిన చెక్క: అమెరికాలో 45 మందితో మొదలైన ఒక పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. రోజుకు ఒకటిన్నర గ్రాము చొప్పున ఆరు నెలలు వాడినవారికి ముట్టు కొంత తరచుగా వచ్చింది. కానీ చివరిదాకా నిలిచినవారు 17 మందే. ఇంత చిన్న పరీక్షను నమ్మి ఆశ పెంచుకోరాదు. పైగా బజారులో దొరికే మందపాటి చెక్క ఎక్కువైతే కాలేయానికి చేటు.

మెంతులు: రాత్రి నానబెట్టిన ఒక చెంచా మెంతులు తింటే భోజనం తరువాత చక్కెర పెరగడం కొంత నెమ్మదిస్తుంది. చక్కెర మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పి వాడాలి, లేకపోతే చక్కెర మరీ పడిపోవచ్చు. గర్భిణులు తాళింపుకు మించి వాడరాదు.

నువ్వులు, బెల్లం: ఇవి మంచి తిండి. కానీ నువ్వుల ఉండలు తిన్నంత మాత్రాన అండం పండదు. ఒంటి బరువు ఎక్కువున్నవారికి బెల్లం కూడా చక్కెర వంటిదే.

అశోక పట్ట: ఆయుర్వేదంలో స్త్రీల జబ్బులకు పేరున్న మందు. ఇక్కడొక మోసం ఉన్నది. బడుల ముందు, ఆఫీసుల ముందు నిటారుగా స్తంభంలాగా పెరిగే చెట్టును మనం అశోక చెట్టు అంటాం. అది నిజమైన అశోక కాదు, దాని పేరు నరమామిడి. అసలు అశోకకు గుత్తులు గుత్తులుగా నారింజ, ఎరుపు పూలు పూస్తాయి. నరమామిడి పట్టను అశోక పట్ట అని కలిపి అమ్మడం ఎప్పటినుంచో ఉన్నది. చెట్టే తప్పయితే మందు ఎట్లా పనిచేస్తుంది?

తిప్పతీగ: సర్వరోగాలకు మంచిదని నమ్మి రోజూ నమిలేవారు ఉన్నారు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం వాచినట్టు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని ఒప్పుకోలేదు. ఈ వాదం ఎట్లున్నా, కామెర్లు వచ్చినవారు, కళ్ళు పచ్చబడినవారు వెంటనే ఆపి దవాఖానకు పోవాలి.

వీటి జోలికి అసలే పోవద్దు

ముట్టు తెప్పిస్తామని చిత్రమూలం వేరు, గన్నేరు, ఉమ్మెత్త వంటివి ఇచ్చేవారిని దగ్గరకు రానివ్వకండి. అవి ప్రాణాలు తీసిన మందులు. నోటితో తాగినా, లోపల పెట్టినా ప్రమాదమే.

పేరు లేని పొట్లాలు, రంగు గోలీలు, భస్మాలు కూడా ప్రమాదమే. అమెరికాలోని న్యూయార్కు నగరంలో 2011–12 సంవత్సరాలలో భారతదేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు బయటపడింది. సీసం తల్లి నుంచి కడుపులోని బిడ్డకు చేరి మెదడును దెబ్బతీస్తుంది. బిడ్డ కోసం తాగిన మందే బిడ్డకు చేటు చేస్తే ఏమి లాభం?

మగబిడ్డ పుట్టే మందు అని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. పుట్టేది ఆడో మగో నిర్ణయించేది తండ్రి వీర్యకణం. గర్భం నిలిచిన తరువాత దానిని మార్చగల ఆకు ఈ భూమి మీద లేదు.

బస్టాండు గోడల మీద "ముట్టు దోషాలకు, సంతానం లేనివారికి గ్యారంటీ వైద్యం" అని ప్రకటనలు చూస్తుంటారు. ఇటువంటి ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. గ్యారంటీ అన్నచోటనే అనుమానించండి.

మందు ఇచ్చేవారిని అడగవలసిన ప్రశ్నలు

ఆయుర్వేదం చదివిన డాక్టర్లు ఉన్నారు, సర్కారు ఆయుష్ దవాఖానలు ఉన్నాయి. మూలికా వైద్యం కావాలనుకుంటే అక్కడికి పోండి. ఎవరి దగ్గరికి పోయినా ఇవి అడగండి:

1. ఇందులో ఏ ఏ ఆకులు, వేర్లు ఉన్నాయి? పేర్లు కాగితం మీద రాసిస్తారా?
2. సీసా మీద కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, తయారైన తేదీ ఉన్నాయా?
3. ఎంత కొలత, ఎన్ని రోజులు? ఎప్పుడు ఆపాలి?
4. గర్భం నిలిస్తే వాడవచ్చునా?
5. నేను వాడుతున్న థైరాయిడ్, చక్కెర, బి.పి. మాత్రలతో దీనికి పొత్తు కుదురుతుందా?

"అది మా కుటుంబ రహస్యం" అని జవాబు వస్తే లేచి రండి. రహస్యమైన మందుకు విరుగుడు కూడా ఎవరికీ తెలియదు. ఆకు మందు వాడుతున్న సంగతి దవాఖాన డాక్టరుకు దాచకండి. వారు కోప్పడతారని భయపడి దాస్తే నష్టం మీకే.

ముందు ఏ పరీక్షలు?

నెల తప్పిన ప్రతిసారీ మొదట చేయవలసింది గర్భ పరీక్ష. ఆశా అక్క దగ్గర "నిశ్చయ్" కిట్టు అడగండి. ఆ పరీక్ష కాకుండా ముట్టు తెప్పించే మాత్ర గాని, పసరు గాని మింగవద్దు. మీరు ఎదురుచూస్తున్న బిడ్డే అది కావచ్చు.

గర్భం కాదని తేలితే బరువు, బి.పి., చక్కెర, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే రక్త పరీక్షలు, అవసరమైతే స్కానింగు. థైరాయిడ్ జబ్బు వల్ల కూడా ముట్టు తప్పుతుంది. థైరాయిడుకు నీటి బుడగల మందు తాగితే ఏమి ఫలితం? మామూలుగా ఏడాదిపాటు కలిసి ఉండి గర్భం రాకపోతే పరీక్షకు రమ్మంటారు. ముట్టే సరిగా రానివారు ఏడాది ఆగనక్కరలేదు.

అన్ని మందుల కంటే ముందు మందు

బరువు ఎక్కువున్నవారు నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గించుకుంటే చాలామందికి ముట్టు దానంతట అదే దారికి వస్తుంది. 70 కిలోలున్న ఇల్లాలు మూడున్నర నుంచి ఏడు కిలోలు తగ్గితే చాలు. పళ్ళెంలో అన్నం సగానికి తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచండి. రాత్రిపూట జొన్న రొట్టె తినండి. చాయలో చక్కెర తగ్గించండి. వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుకుగా నడవండి.

బీడీలు చుట్టే అక్కలు, చెల్లెళ్ళు చాట ముందు పొద్దంతా కూర్చుంటారు. వేళ్ళు అలిసిపోతాయి గాని ఒళ్ళు కదలదు. గంటకొకసారి లేచి అయిదు నిమిషాలు నడవండి. అన్నలారా, సాయంత్రం ఆ అరగంట ఇంటిపని మీరు అందుకోండి, లేదా ఆమెతో కలిసి నడవండి. ఇది ఏ పసరుకూ తీసిపోని సాయం.

దవాఖాన మందులు, ఆపరేషను మాట

అండం పండడానికి డాక్టర్లు లెట్రోజోల్ వంటి మాత్రలు కొన్ని రోజులు ఇస్తారు. 2014లో అమెరికాలో ఈ జబ్బున్న 750 మందితో చేసిన పరీక్షలో, అదివరకటి క్లోమిఫీన్ మాత్ర కంటే లెట్రోజోల్ వాడినవారికే ఎక్కువమందికి బిడ్డలు పుట్టారు. ఇవి సొంతంగా కొని వాడేవి కావు.

మూడు నెలలు దాటినా ముట్టు రాకపోతే ఊరుకోవద్దు. లోపలి పొర రాలక మందమై, ఒకేసారి విపరీతంగా పోవచ్చు. ఏండ్ల తరబడి అట్లే వదిలేస్తే గర్భసంచి క్యాన్సరు ముప్పు పెరుగుతుంది.

"గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది" అని ఎవరైనా అంటే తొందరపడకండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి ఈ ఆపరేషను అయినట్టు తేలింది. పి.సి.ఓ.ఎస్. ఉన్నది అండాశయాలలో, ఒంటి రసాలలో. గర్భసంచి తీసేస్తే అది పోదు. ఇంకొక డాక్టరు సలహా తీసుకోకుండా ఒప్పుకోకండి.

ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే

ముట్టు సరిగా రాదు కాబట్టి గర్భం రాదనుకోవడం పొరపాటు. అండం ఏ నెలలో పండుతుందో చెప్పి రాదు. రోజులు లెక్కబెట్టి దూరంగా ఉండే పద్ధతి ఇటువంటివారికి పనికిరాదు. నిరోధ్ వాడవచ్చు, కాపర్-టి వేయించుకోవచ్చు. మాలా-ఎన్ మాత్రలు గర్భాన్ని ఆపుతాయి, ముట్టును క్రమంలో పెడతాయి, మొటిమలు, వెంట్రుకలు తగ్గడానికి కూడా సాయపడతాయి. అయితే బి.పి. చూపించుకుని, డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టాలి. బిడ్డకు ఆరు నెలలు నిండని పాలిచ్చే తల్లులు వాడరాదు. "ఛాయ" మాత్ర ఈ జబ్బున్నవారికి తగదు. అడిగేటప్పుడు మీ జబ్బు సంగతి చెప్పండి.

వద్దనుకున్న గర్భం నిలిస్తే పసరు తాగి ప్రాణం మీదికి తెచ్చుకోకండి. 1971 చట్టం ప్రకారం సర్కారు దవాఖానలో డాక్టరు చేతుల మీదుగా గర్భస్రావం చేయించుకునే వీలున్నది. ఎంత త్వరగా పోతే అంత క్షేమం.

గుర్తుంచుకోండి:

– ముందు గర్భ పరీక్ష, తరువాతే ఏ మందైనా.
– పరీక్ష భార్యకొక్కతికే కాదు, ఇద్దరికీ.
– వంటింటి దినుసు తిండిలో తోడు. పేరు తెలియని పసరు ప్రాణానికి ముప్పు.
– గర్భం నిలిస్తే మొదటి నెలలోనే పేరు నమోదు చేయించి, చక్కెర, బి.పి. చూపించుకోవాలి. ఈ జబ్బున్న తల్లులకు ఆ రెండూ పెరిగే అవకాశం ఎక్కువ.

ఈ కాగితాన్ని చదివి పక్కన పడేయకండి. గోడ మీది క్యాలెండరులో ముట్టు వచ్చిన తేదీని ఈ నెల నుంచే గుర్తు పెట్టండి. మూడు నెలల గుర్తులతో ఆలుమగలు ఇద్దరూ మీ దగ్గరి ఆరోగ్య కేంద్రానికి రండి. ఆ మూడు తేదీలు చూస్తే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది.